నడివయస్సు వలస – దాసోహ ధర్మము

శ్రీ గురు బసవలింగాయ నమః

తొలకరి ఆలస్యమైన సంవత్సరములలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల రైతునకు ఒక చిక్కు వచ్చును. ఆకుమడిలో నారు ముదిరిపోవుచుండును. దమ్ము చేయుటకు పొలమున నీరుండదు. తుదకు నీరు వచ్చి ఉభాలు మొదలైననాడు అతడు ఆ ముదురు నారును పారవేయడు. నాటును; కాని లేత నారును నాటినట్లు నాటడు. లేత నారైనచో కుదురునకు రెండు మూడు మొక్కలు చాలును. ముదురు నారైనచో నాలుగైదు మొక్కలు కలిపి, కుదుళ్ళు దగ్గర దగ్గరగా వేయును. ముదిరిన మొక్క పిలకలు తక్కువగా వేయునని, దానిని ఒంటిగా విడిచినచో పొలము పలుచబడునని అతడెరుగును.

మనుష్యుని వలసయు ఇట్టిదే. ఇరువదియేండ్ల ప్రాయమున ఊరు విడిచినవాడు కొత్త నేలలో త్వరగా వేరూనును. అచటి మాట నేర్చును, అచటి స్నేహములు కూర్చుకొనును, అచటనే పెండ్లియాడి గృహస్థుడగును. నలుబది, ఏబదియేండ్ల వయస్సున విడిచినవాని స్థితి వేరు. వానికి స్వగ్రామమున ఒక పేరు కలదు. నలుగురు కూడిన చోట ఒక మాట కలదు. పెండ్లిపందిటిలో కూర్చుండు చోటు, శివరాత్రినాడు గుడిలో చేయు పని, చావునాడు ముందు నడచు బాధ్యత కలవు. ఊరు మారిన మరునాడు ఇవి ఏవియు లేవు. కొత్త ఊరిలో వాడు పిల్లవాడు కాడు, కనుక ఎవరును చేరదీయరు. పెద్దవాడును కాడు, ఏలయన వాని పెద్దరికము అచట ఎవరికిని తెలియదు. ఈ నడిమి స్థితియే నడివయస్సు వలసలోని అసలు బాధ. ఈ బాధకు శరణధర్మము చెప్పు మందు ఏది? వచ్చినవాడు ఏమి చేయవలెను? ఆ ఊరివారు ఏమి చేయవలెను? ఇది విచారింపదగిన విషయము.

ఉత్తరాంధ్రమునకు వలస కొత్త సంగతి కాదు. తూర్పు గాంగుల తామ్రశాసనములు చెప్పు వంశకథ ప్రకారము, కామార్ణవుడు తన రాజ్యమును పినతండ్రికి విడిచి, నలుగురు తమ్ములతో గాంగవాడిలోని కోలాహలపురము నుండి తూర్పునకు వచ్చి, మహేంద్రగిరిపై గోకర్ణేశ్వరుని సేవించి, కళింగమున రాజ్యము నెలకొల్పెను. గోకర్ణము కన్నడ తీరమున ప్రసిద్ధ శివక్షేత్రము. ఆ పేరే మహేంద్రగిరిపైని శివునకును కలదు. బనవాసిలో వెలసినవాడు మధుకేశ్వరుడు. వంశధార యొడ్డున శ్రీముఖలింగమున వెలసినవాడును మధుకేశ్వరుడే. పరదేశము నుండి వచ్చినవారమని చెప్పుకొనిన ఆ వంశము ఈ నేలపై గుడులు కట్టి, భూములిచ్చి, ఇచటిదై నిలిచినది. నేడు శ్రీముఖలింగమునకు వచ్చు యాత్రికుడు ఆ రాజుల పూర్వులు ఎచటివారని విచారింపడు. వారు ఈ నేలకు ఇచ్చిపోయినదానిని చూచి చేతులు జోడించును.

రాజుల వలస శాసనములకెక్కినది. పేదల వలస ఓడరేవుల కెరుక. గత శతాబ్ది పూర్వార్ధమున, నాటి గంజాము, విశాఖపట్నము జిల్లాల నుండి వేలాది జనులు బారువ, కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులలో పొగయోడ లెక్కి బర్మాకు పోవుచుండిరి. రంగూనును ఈ ప్రాంతమువారు రంగమనిరి. రంగము పోవుట అనగా అప్పు తీర్చుకొనుటకు, చెల్లెలి పెండ్లి చేయుటకు, నాలుగు మళ్ళు కొనుటకు పోవుట. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయులు పది లక్షలకు మించియుండిరి. అందు తెలుగువారు సుమారు ఒకటిన్నర లక్షలు. రంగూను నగర జనులలో సగము కంటె ఎక్కువమంది భారతీయులే. రేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పాటుపడుట, రిక్షా లాగుట తెలుగు కూలీల పనులుగా నుండెను. మేస్త్రి ముందుగా ఇచ్చిన బయానా తీరువరకు వారి కూలి పూర్తిగా వారిది కాదు.

వారి చెమటతో రంగూను రేవు నడచినది. అయినను ఆ ఊరు వారిది కాలేదు. 1930 మే మాసమున తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను తొలగించి తెలుగువారిని మరల తీసికొనిరి. ఆనాడు చెలరేగిన కొట్లాటలో వందకు పైగా ప్రాణములు పోయినవి. పోయినవారిలో అధికులు తెలుగువారు. ఇద్దరు ఆకలిగొన్నవారిని ఒకే ముద్దకు పోటీపెట్టిన చోట పొరుగుతనము మొలకెత్తదు. ఒక రేవులో పక్కపక్కన పనిచేసినంతమాత్రమున ఇరువురును ఒక ఊరివారు కాజాలరు. ఒకరి ఇంట ఒకరు తినవలెను, ఒకరి కష్టమునకు ఒకరు రావలెను.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. ఓడ దొరకనివారు లక్షల సంఖ్యలో అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. వేలకొలది జనులు దారిలోనే అసువులు బాసిరి. యుద్ధానంతరము తిరిగి పోయినవారును కలరు. వారికి రెండవమారు వేరు తెగినది 1964లో. సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసెను; ఏబది, నూరు క్యాట్ల నోట్లను రద్దు చేసెను. దశాబ్దముల కష్టార్జితము చేజారగా, లక్షకు మించిన భారతీయులు కొద్దిపాటి సామానుతో ఓడలెక్కి మాతృదేశపు రేవులలో దిగిరి. విశాఖపట్నమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది.

ఇట్లు వచ్చినవారిలో అనేకులు పడుచుప్రాయమున పోయి నడివయస్సున తిరిగివచ్చినవారు. చూచువారికి ఇది స్వగృహ ప్రవేశము. వారికి ఇది మరియొక వలస. విడిచిపోయిననాటి ఊరు అట్లే యుండలేదు. తల్లిదండ్రులు గతించిరి, భూమి అన్నదమ్ముల పాలయ్యెను, ఎదురింటివారికి ముఖము తెలియదు. బర్మాలో పుట్టి పెరిగిన బిడ్డలకు ఇచటి బడి కొత్త, ఇచటి తిండి కొత్త. ప్రభుత్వము వీరిని ఆదుకొనుటకు పూనుకొనెను. కాందిశీకులకు అప్పులిచ్చుటకై 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు స్థాపింపబడెను. అది కొనియాడదగిన పని. కాని పునరావాసము ప్రభుత్వము ఈయగలదు, సహవాసము సమాజమే ఈయవలెను. ఇల్లు, అప్పు, పని దొరకిన తరువాత కూడ మనుష్యునకు ఒక కొదవ మిగులును. ఆ కొదవ ఎట్టిదో మోళిగె మారయ్య కథ తెలుపును.

మోళిగె మారయ్య కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమునను, కన్నడ శరణచరిత్రములలోను కలదు. ఆతడు పూర్వాశ్రమమున కాశ్మీర రాజనియు, బసవేశ్వరుని కీర్తి విని రాజ్యము త్యజించి, ధర్మపత్ని మహాదేవితో కల్యాణమునకు వచ్చెననియు కన్నడ సంప్రదాయము చెప్పును. కొత్త దేశము, కొత్త భాష. సింహాసనముపై కూర్చుండినవానికి చేతిపని యేదియు లేదు. కల్యాణమున బసవేశ్వరుడు మంత్రి. ఒక్క మాట చెప్పిన ఉన్నత పదవి దొరకెడిది. మారయ్య అది కోరలేదు. ప్రతిదినము అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపు కట్టి తలపై పెట్టుకొని వచ్చి, వీధులలో అమ్మి, వచ్చిన దానితో జంగమార్చన చేసెను. మోళిగె అనగా కట్టెలమోపు. రాజ్యముపేరు పోయి మోపుపేరు వచ్చినది. ఆ పేరుతోనే నేటికిని పూజింపబడుచున్నాడు.

వారి పేదరికము విని బసవేశ్వరుని హృదయము కరగెను. ఆతడు మారువేషమున వారి ఇంటికి పోయి, మహాదేవమ్మ పెట్టిన గంజి ప్రసాదముగా గ్రహించి, వెడలునపుడు బంగారమును రహస్యముగా అచట ఉంచి వచ్చెను. మారయ్య ఇంటికి వచ్చి ఆ బంగారమును చూచెను. సంతసింపలేదు. దానిలో ఒక్క కాసునైన తనకై ఉంచుకొనక జంగములకు సమర్పించి, మరల గొడ్డలి భుజమున వేసికొని అడవికి పోయెను. ఈ సంగతి విని బసవేశ్వరుడు ఆ దంపతుల మహిమకు తలయొగ్గెను.

ఈ కథను సాధారణముగా మారయ్య వైరాగ్యమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అందు వలస వచ్చినవారికిని, వారిని చేర్చుకొనువారికిని వేరొక పాఠము కూడ కలదు. బసవేశ్వరుని దయ నిర్మలమైనది. కాని ఆ దయ మారయ్యను పుచ్చుకొనువానిగా చేయుచున్నది. మారయ్య కల్యాణమునకు వచ్చినది పుచ్చుకొనుటకు కాదు, పెట్టుటకు. తన తలపై మోసి తెచ్చిన కట్టెల విలువతో కాచిన గంజి ఒక జంగమునకు పెట్టిననాడు ఆతడు కల్యాణవాసి యయ్యెను. పరుల బంగారముతో పెట్టినచో అది పరుల పెట్టుబడియే యగును. నడివయస్సున వచ్చినవానికి కొదవ పడినది అన్నము కాదు, అన్నము పెట్టు చేయి. స్వగ్రామమున ఆ చేయి వానికుండెను; ఇచట అది ఖాళీగా వ్రేలాడుచున్నది. ఆ చేతికి పని దొరకువరకు వానికి ఎంత సాయము చేసినను వాడు అతిథియే.

దానమునకును దాసోహమునకును భేదమిచట స్పష్టమగును. దానమున ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. ఇయ్యనిచ్చినందులకు అతడే కృతజ్ఞుడు. కనుక కొత్తవానికి దానము చేయు సమాజము వానిని పోషించును. కొత్తవానిచేత దాసోహము చేయించుకొను సమాజము వానిని తనలో కలుపుకొనును. ఈ రెండవది కష్టతరము. తాను ఇచ్చుట సులభము, తనకు తెలియనివాని చేతి నీరు త్రాగుటకు మనస్సు పెద్దది కావలెను.

వీరశైవమునకు ప్రాణములైన పంచాచారములను ఈ దృష్టితో పరిశీలించినచో, ఊరు మారిన గృహస్థునకు దారి కనబడును.

మొదటిది లింగాచారము. స్థావర దేవాలయమును తలపై మోసికొని పోలేము. ఊరి గుడి, ఊరి కోనేరు, ఊరి రావిచెట్టు ఊరిలోనే యుండును. ఇష్టలింగము వక్షఃస్థలముపై నుండును. పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధమున కల్యాణమున కల్లోలము చెలరేగి శరణులు చెల్లాచెదరైరి. చెన్నబసవేశ్వరుడు మొదలగువారు వచనముల తాటాకు గ్రంథములను రక్షించుకొని ఉళివి అడవులకు చేరిరి. శరణసమూహమంతయు వలసపోయినది, ధర్మము నశింపలేదు. దేవుడు దేహముపై నుండుటయే దానికి కారణము. కొత్త ఊరిలో గృహస్థుడు మొదట స్థిరపరచుకొనవలసినది ప్రాతఃకాల లింగపూజ. అద్దెయింటి మూలలోనైనను సరే, వేళ తప్పరాదు. తక్కినవన్నియు మారిన దినములలో మారని ఒక్క ఘడియ మనస్సును నిలుపును.

రెండవది సదాచారము, అనగా న్యాయార్జితమైన కాయకము. వెనుక చేసిన ఉద్యోగము ఇచట దొరకకపోవచ్చును. ఊరిలో పదిమందిచేత పని చేయించినవాడు ఇచట ఒకరి క్రింద పనిచేయవలసిరావచ్చును. మారయ్య మోపును తలచుకొన్నవానికి ఇందు చిన్నతనము తోపదు. సంపాదన కొరకే వచ్చితిమను తలంపు అత్యాశకు దారితీయకుండుటకు ఆయ్దక్కి మారయ్య దంపతుల చరిత్ర హెచ్చరిక. వారును అమరేశ్వర గ్రామము నుండి కల్యాణమునకు వచ్చినవారే. నేలరాలిన బియ్యపుగింజలు ఏరుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తేగా, ఇల్లాలు లక్కమ్మ ఒప్పుకొనక ఆ మిగులును తీసికొనిపోయి విడిచి రమ్మనెను. పరదేశమున గృహమును నిలుపునది పెక్కుసారులు ఇల్లాలి వివేకమే. అయితే ఆ ఇల్లాలికిని ఇరుగుపొరుగు పోయినది, చెరువుగట్టు మాట పోయినది; భర్త పనికి, బిడ్డలు బడికి పోయిన తరువాత నాలుగు గోడలు మిగిలినవి. లక్కమ్మలు, మహాదేవమ్మలు భర్తలతో సమముగా శరణులలో నిలిచిరని గుర్తుంచుకొని, కొత్త ఊరిలో ఇల్లాలికిని సత్సంగము చూపుట గృహస్థుని ధర్మము.

మూడవది శివాచారము. లింగధారులలో కులము, వృత్తి, పుట్టిన ఊరు విచారింపక సములుగా చూచుట. ఎవరివాడని అడిగి దూరము చేయుట కాక, తనవాడని దగ్గర చేసికొనుట బసవేశ్వరుని బోధ. ఈ ఆచారము ఊరివారికెంత వర్తించునో, వలసవచ్చినవారికిని అంత వర్తించును. మా ఊరివారు, మా తాలూకావారు అని నలుగురు చేరి, పదియేండ్లు గడచినను పొరుగువానితో మాటాడక, ఊరి కబుర్లతోనే కాలము పుచ్చుట కలదు. తొలిదినములలో అది ఆసరా; పిమ్మట అదియే గోడ. ముదురు నారును కుదురునకు నాలుగైదు కలిపి నాటుట నిజమే. కాని నాటునది కొత్త పొలములోనే గాని, పాత ఆకుమడిలో కాదు గదా!

నాలుగవది గణాచారము, అనగా శివభక్త సమూహమును కాచుకొనుట. దీనికి పట్టణములలో ఒక కఠిన పరీక్ష కలదు. లింగైక్యము చెందినవారిని సమాధి చేయుట వీరశైవుల ఆచారము. స్వగ్రామమున దానికి స్థలము కలదు, గుంత తీయువారు, క్రియలెరిగిన జంగమయ్య కలరు. కొత్త పట్టణములో అర్ధరాత్రివేళ ఒక ఇంట పెద్దదిక్కు కన్నుమూసినచో ఎవరిని పిలువవలెను? ఎచటికి తీసికొనిపోవలెను? దగ్గరి చుట్టము వందల మైళ్ళ దూరమున నున్నాడు. ఆ రాత్రి తలుపు తట్టి వచ్చిన నలుగురే ఆ కుటుంబమునకు ఊరు. కనుక ప్రతి పట్టణములోని వీరశైవ సంఘమును సమాధి స్థలమెచటనున్నదో, క్రియలు జరుపువారెవరో, పిలిచిన వచ్చువారెవరో ముందుగానే ఎరిగియుండవలెను. కొత్తగా వచ్చిన కుటుంబమునకు మొదట చెప్పవలసిన సంగతులలో ఇది యొకటి. అట్లే కొత్తవాడును తన ఇంట కీడు జరుగువరకు వేచియుండక, పరుల ఇంటి కీడునకు పిలువకయే పోవలెను. పెండ్లికి పిలుపు కావలెను గాని చావునకు పిలుపేల?

అయిదవది భృత్యాచారము. ఇది అన్నిటికంటె నడివయస్సువారికి కష్టమైనది, అన్నిటికంటె మేలైనది. శివభక్తులకు తాను భృత్యుడనని తలచుట. సొన్నలిగె సిద్ధరాముడు తన ఊరిలో చెరువు త్రవ్వించి, గుడులు కట్టించి, ఎనలేని కీర్తి గడించిన యోగి. అంతటివాడు అల్లమప్రభువుతో కల్యాణమునకు వచ్చినపుడు, ఇష్టలింగ దీక్ష పొందినది చిన్నవయస్కుడైన చెన్నబసవేశ్వరునివలన. తన ఊరి కీర్తిని అచటనే విడిచి, చిన్నవానియెదుట శిష్యుడై నిలుచుటకు ఆయనకు సంకోచము కలుగలేదు. నేడు బజారులో దారి చూపుటకు, కొత్త భాష పలుకుటకు, యంత్రములు వాడుటకు పెద్దలు తమ బిడ్డలను అడుగవలసివచ్చుచున్నది. సిద్ధరాముని తలచినచో అందు అవమానము లేదు.

ఈ ఐదు ఆచారములు వచ్చినవాని భారము. ఊరివారి భారము ఎట్టిదో అనుభవమంటపమే చెప్పుచున్నది. శరణులందరును బసవేశ్వరునిచేత ఆశ్రయము పొందినవారే. ఆ మంటపము నెలకొల్పినవాడును ఆయనయే. అయినను శూన్యసింహాసనముపై ఆయన కూర్చుండలేదు. బళ్ళిగావెలో పుట్టి, దేశములు తిరిగి వచ్చిన అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. ఎన్నియేండ్లనుండి ఈ ఊరిలో నున్నావని అడుగలేదు. ఎంత చందా ఇచ్చితివని అడుగలేదు. అనుభావమును చూచెను, పీఠము చూపెను. ఈ దృష్టాంతము నేటి సంఘములకు అద్దము. కొత్తవాడు ధనికుడైనచో చందాపుస్తకము చూపుట, పేదవాడైనచో వెనుకవరుస చూపుట శరణమార్గము కాదు. వానికి ఏ విద్య వచ్చునో తెలిసికొని, లెక్క వ్రాయగలవానికి లెక్క, వండగలవానికి వంటశాల, పిల్లలకు చెప్పగలవానికి వచనపాఠము అప్పగించవలెను. పని అప్పగించుటయే పీఠమిచ్చుట.

నేడు ఈ జిల్లాల వలస పూర్వము కంటె తగ్గలేదు. విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నపట్నము, బెంగుళూరు నగరముల కట్టడపు పనులలో ఇచటివారు కలరు. గుజరాతులోని వెరావల్ రేవున వేటకు పోవు మత్స్యకారులు కలరు. గల్ఫు దేశములలో పాటుపడువారు కలరు. వంశధార రెండవ దశలో హిరమండలము జలాశయమునకై తాతలనాటి ఊళ్ళు విడిచి, కొత్త కాలనీలకు చేరిన కుటుంబములు కలవు. బిడ్డల వెంట అమెరికాకు పోయి, మంచు కురియు వీధిని కిటికీలోనుండి చూచుచు కూర్చున్న తల్లిదండ్రులును కలరు. వీరందరి స్థితి ఒకటి కాదు. ఒకరు ఆకలికి పోయిరి, ఒకరు నీటికి ఊరు విడిచిరి, ఒకరు ప్రేమకు కట్టుబడి పోయిరి. అయినను వారందరిని ఒకే ప్రశ్న వేధించును: ఇచట నా అవసరము ఎవరికున్నది?

ఆ ప్రశ్నకు కొందరు స్వగ్రామమునకు ధనము పంపి సమాధానము వెదకుదురు. ఊరి గుడికి ప్రాకారము, బడికి గది, అన్నసత్రమునకు బియ్యము ఇచ్చుట పుణ్యకార్యమే. పుట్టిన నేల ఋణము తీర్చుకొనదగినదే. కాని కాపురమున్న చోట పక్కింటివాని పేరు తెలియక, వంద ఆమడల దూరమున శిలాఫలకముపై తన పేరు చూచుకొని తృప్తిపడినవాడు రెండు ఊళ్ళకును దూరమగును. పంపిన ధనము అచటి గోడను నిలుపును గాని ఇచటి మనుష్యుని నిలుపదు. జంగమునకు అన్నము పెట్టవలసినది జంగమము వచ్చిన గుమ్మమున. కాళ్ళు ఏ నేలపై నిలిచినవో, చేతులు ఆ నేలపైననే పనిచేయవలెను. మారయ్య కల్యాణమున కట్టెలు కొట్టి కాశ్మీరమున సత్రము పెట్టలేదు.

ఆరంభము చిన్నదైనను చాలును. వారమునకొకదినము సంఘభవనమున చీపురు పట్టుట, ఆసుపత్రిలో నున్న అపరిచితునకు ఒక పూట అన్నము కొనిపోవుట, తనవలెనే నిన్న దిగిన కుటుంబమునకు పాలవాని, బడిని, వైద్యుని చూపించుట. ఆరు మాసములు ఇట్లు చేసినవానిని ఆ వీధి పేరుపెట్టి పిలుచును. పదవి కోరి వచ్చినవాడు ఎన్నికలో ఓడినచో సంఘమును విడిచిపోవును. పని కోరి వచ్చినవానిని ఓడించు ఎన్నిక లేదు.

విజయనగరము జిల్లా వంగర మండలమున సంగాము అను గ్రామము కలదు. అచట నాగావళి, సువర్ణముఖి, వేగావతి నదులు కూడును, సంగమేశ్వరుడు వెలసియున్నాడు. శివరాత్రికి జనసమూహములు అచటికి వచ్చి స్నానమాచరించును. కృష్ణా మలప్రభల కూడలిలో బసవేశ్వరుడు కొలిచిన దైవమునకును ఇదియే నామము. నాగావళి ఈ దేశమున పుట్టినది కాదు; ఒడిషాలోని కలహండి కొండలలో జనించి, రాయగడ మీదుగా వచ్చినది. సువర్ణముఖి, వేగావతులు సాలూరు వైపు కొండలనుండి దిగి నడిదారిలో దానిలో కలిసినవి. కలసిన పిమ్మట వాటి పేర్లు వినరావు. అయినను దిగువనున్న పొలములకు పారు నీటిలో ఏది ఏ కొండనుండి వచ్చినదో ఏ రైతును వేరుచేయజాలడు. పైరు పండినదా లేదా అనియే అతడు చూచును.

ఊరు మారిన శరణులు తమ పేరు పోయినదని చింతింపక, తమ నీరు పారుచున్నదా యని చూచుకొందురు గాక. ఊరిలో నిలిచిన శరణులు వచ్చిన ప్రవాహమునకు కట్టలు వేయక దారి విడుతురు గాక. ఇరువురి చేతులును దాసోహమున కలిసిన చోట సంగమేశ్వరుడు తానుగా వెలయును.

శరణు శరణార్థి.